పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్: మోషన్ టెస్టా, కొలనోస్కోపీనా, సీటీనా? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం ఒక పోలిక

పెద్దపేగు క్యాన్సర్‌కు ముందుగా ఏదైనా పరీక్ష చేయించుకుందామని 45 దాటిన మనిషి అడిగితే, అడిగిన చోటును బట్టి జవాబు మారిపోతుంది. ల్యాబ్‌లో రక్తపరీక్షల ప్యాకేజీ చేతిలో పెడతారు. స్కానింగ్ సెంటర్‌లో సీటీ అంటారు. తెలిసినవాళ్లు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అంటే నరకం అని భయపెడతారు. చివరికి ఏదీ చేయించుకోకుండా ఇంటికి వెళ్లిపోతాం. అలా మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసమే ఈ పోలిక.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు అసలు ఎంపిక ఉందా?

స్క్రీనింగ్ అంటే ఏ ఇబ్బందీ లేనివాళ్లకు చేసేది. మోషన్‌లో రక్తం పడుతున్నా, మూడు నాలుగు వారాలుగా మోషన్ తీరు మారిపోయినా, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టే ఉన్నా, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా మీది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. మగవాళ్లలోనూ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనూ ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే అదీ ఇదే లెక్క. వీళ్లు కింద ఉన్న పట్టికతో కుస్తీ పట్టాల్సిన పనిలేదు. డాక్టర్‌ను కలవాలి, చాలామందికి కొలనోస్కోపీయే అవసరమవుతుంది.

మన దగ్గర ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. రక్తం కనపడగానే 'మొలలే' అని ఇంట్లోనే తేల్చేసి పసరు మందుతోనో, బోర్డు చూసి వెళ్లిన పైల్స్ క్లినిక్‌తోనో ఏడాది గడిపేస్తారు. మొలలు చాలామందికి ఉంటాయి, నిజమే. మొలలు ఉన్న మనిషికి పైన గడ్డ ఉండకూడదని రూలేమీ లేదు. డాక్టర్ గ్లవ్ వేసుకుని వేలితో మలద్వారం లోపల చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది, మలాశయం కిందిభాగంలో ఉన్న గడ్డ చాలాసార్లు ఆ వేలికే తగులుతుంది. ఆ పరీక్ష కూడా చేయకుండా మొలల మందు రాసిచ్చారంటే ఇంకో డాక్టర్‌ను చూడండి.

రెండో వరస, ఇంట్లో చరిత్ర ఉన్నవాళ్లు. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా 60 ఏళ్ల లోపు ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, మీకు 40 వచ్చేసరికి గానీ, వాళ్లకు వచ్చిన వయసుకు 10 ఏళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. ఆపైన 5 ఏళ్లకోసారి. నాన్నకు 46లో వచ్చిందంటే మీకు 36లో అన్నమాట. వంశపారంపర్య జబ్బులైన లించ్ సిండ్రోమ్, పేగు నిండా వందల పాలిప్‌లు (చిన్న బుడిపెలు) వచ్చే ఎఫ్ఏపీ ఉన్న కుటుంబాల్లో ఇంకా చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. లించ్‌లో 20 నుంచి 25 ఏళ్ల మధ్య, ఎఫ్ఏపీలో 10 నుంచి 12 ఏళ్ల వయసులోనే. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాల జబ్బు) వచ్చి 8 ఏళ్లు దాటినవాళ్లదీ కొలనోస్కోపీ దారే.

ఈ రెండు వరసల్లోనూ లేనివాళ్లకే నిజంగా ఎంపిక ఉంది. అమెరికాలో 45 నుంచి 75 ఏళ్ల దాకా స్క్రీనింగ్ చేయించుకోమంటారు. యూరప్‌లో చాలా దేశాలు 50 నుంచి మొదలుపెడతాయి. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలంత ఎక్కువ లేదు, అందుకే దీనికి జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి 'క్యాన్సర్ స్క్రీనింగ్' అని రాసుకుని వెళ్లినా అది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే. పేగు అందులో లేదు. కావాలంటే మనమే అడిగి చేయించుకోవాలి.

దేన్ని చూసి ఎంచుకోవాలి?

పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి సుమారు 10 ఏళ్లు తీసుకుంటుంది. ఆ పదేళ్లే మన చేతిలో ఉన్న సమయం. పాలిప్‌గా ఉన్నప్పుడే తీసేస్తే ఆ పాలిప్ ఇక క్యాన్సర్‌గా మారదు. పేగు దాటకముందే దొరికితే అమెరికా లెక్కల్లో 5 ఏళ్లు బతికేవాళ్లు 90 శాతం దాకా ఉన్నారు, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే సుమారు 15 శాతమే.

కాబట్టి ఏ పరీక్షనైనా ఇలా అడగండి: క్యాన్సర్‌ను మాత్రమే పడుతుందా, పాలిప్‌ను కూడా పడుతుందా? ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి? ముందు రోజు నేనేం చేయాలి? తేడా వస్తే తర్వాతి మెట్టు ఏమిటి, అది నేను ఎక్కగలనా? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది, అయినా ఎవరూ అడగరు.

| పరీక్ష | ఎన్నాళ్లకోసారి | పేగు శుభ్రం చేసుకోవాలా | క్యాన్సర్‌ను పట్టడం | పాలిప్‌లను పట్టడం | తేడా వస్తే |
|---|---|---|---|---|---|
| ఫిట్ (మోషన్ ఇమ్యునో టెస్టు) | ఏటా | అక్కర్లేదు | బాగానే | తక్కువ | కొలనోస్కోపీ |
| పాత రకం మోషన్ టెస్టు | ఏటా | అక్కర్లేదు, పథ్యం ఉంది | ఫిట్ కన్నా తక్కువ | చాలా తక్కువ | కొలనోస్కోపీ |
| కొలనోస్కోపీ | 10 ఏళ్లకోసారి | పూర్తిగా | చాలా బాగా | చాలా బాగా | అప్పుడే తీసేస్తారు |
| సిగ్మాయిడోస్కోపీ | 5 ఏళ్లకోసారి | ఎనిమాతో సరి | ఎడమవైపు మాత్రమే | ఎడమవైపు మాత్రమే | కొలనోస్కోపీ |
| సీటీ కొలనోగ్రఫీ | 5 ఏళ్లకోసారి | పూర్తిగా | బాగా | పెద్దవి బాగా, చిన్నవి తక్కువ | కొలనోస్కోపీ |

ఫిట్: తేలిక, కానీ క్రమం తప్పకూడదు

కంటికి కనపడనంత రక్తం మోషన్‌లో ఉందేమో చూసే పరీక్ష ఇది. మనిషి హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్‌ను యాంటీబాడీలతో పడుతుంది. పొట్టలోంచో చిన్నపేగులోంచో వచ్చిన రక్తంలోని గ్లోబిన్ దారిలోనే అరిగిపోతుంది కాబట్టి, ఇందులో పాజిటివ్ వస్తే రక్తం పెద్దపేగుదే కావడానికి ఎక్కువ అవకాశం. మటన్ తిన్నా, ముల్లంగి తిన్నా ఫలితం చెడదు. బీపీ, షుగరు మాత్రలు, యాస్పిరిన్ దీనికోసం ఆపాల్సిన పనిలేదు.

క్యాన్సర్ ఉన్న 100 మందిలో ఒక్కసారి పరీక్షతో 75 నుంచి 80 మంది దొరుకుతారు. పెద్ద పాలిప్‌లు ఉన్నవాళ్లలో దొరికేది పాతిక శాతమే. ఏటా చేయించుకోమనేది ఇందుకే. ఈసారి తప్పిపోయింది వచ్చే ఏడాది దొరుకుతుంది. ఒకసారి నెగటివ్ వచ్చిందని అయిదేళ్లు మరిచిపోతే ఫిట్ వల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఇంకో వైపు, ఏ క్యాన్సరూ లేని 100 మందిలో అయిదారుగురికి కూడా పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని అర్థం కాదు, కొలనోస్కోపీ టికెట్ అని అర్థం.

శాంపిల్ తీయడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. మోషన్ నీళ్లలో పడకూడదు. మన ఇండియన్ లెట్రిన్‌లో అయితే నీళ్లు పోయకముందే పొడి పేపర్ ప్లేటో, ప్లాస్టిక్ కవరో పరిచి దాని మీద వెళ్లాలి. కమోడ్ అయితే సీటు కింద అడ్డంగా కవరు కట్టాలి. కిట్‌లో ఉన్న పుల్లతో నాలుగైదు చోట్ల గీకాలి. పుల్ల గాడులు నిండితే చాలు, ముద్దగా అంటించకూడదు. పుల్లను ద్రవం ఉన్న సీసాలో పెట్టి మూత బిగించి, పేరూ తేదీ రాయాలి. నెలసరి ఉన్నప్పుడు, అది ఆగాక మూడు రోజుల దాకా, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడు, మూత్రంలో రక్తం పడుతున్నప్పుడు చేయకండి.

ఎండ సంగతి. వేడికి హిమోగ్లోబిన్ చెడిపోతుంది. చెడిపోతే ఉన్న రక్తం కూడా లేనట్టు రిపోర్టు వస్తుంది. మే నెల తిరుపతి ఎండలో శాంపిల్‌ను స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగితే ఆ నెగటివ్‌ను నమ్మలేం. పొద్దున్నే తీసి పొద్దున్నే ఇచ్చేయండి, కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. కిట్ మీద రాసిన గడువు దాటనివ్వకండి.

ల్యాబ్‌లో 'స్టూల్ అకల్ట్ బ్లడ్' అని రాసివుంటే అది ఫిట్ అనుకోకండి. "ఇది ఇమ్యునో పద్ధతా, గ్వాయక్ పద్ధతా?" అని అడగండి. ఇమ్యునో అంటే ఫిట్, గ్వాయక్ అంటే పట్టికలోని పాత రకం. కౌంటర్‌లో తెలియకపోతే లోపల టెక్నీషియన్‌ను అడిగి చెప్పమనండి. అంకెలతో ఫలితం ఇచ్చే ల్యాబ్ దొరికితే ఇంకా మంచిది. చాలాచోట్ల గ్రాము మోషన్‌కు 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్‌ను గీతగా పెట్టుకుంటారు.

పాత గ్వాయక్ పరీక్ష గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మూడు మోషన్ల శాంపిల్స్ కావాలి, ముందు మూడు రోజులు మాంసం, విటమిన్ సి మాత్రలు మానాలి. మాంసం వల్ల తప్పుడు పాజిటివ్, విటమిన్ సి వల్ల తప్పుడు నెగటివ్ వస్తాయి. ఫిట్ దొరికే చోట దీన్ని ఎంచుకోవడానికి కారణమేమీ లేదు.

కొలనోస్కోపీ: కష్టమంతా ముందురోజే

కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు మొత్తం చూసి, పాలిప్ కనపడితే అక్కడికక్కడే తీసేస్తారు. నిర్ధారణ, నివారణ రెండూ ఒకే విడతలో అయిపోయేది ఇదొక్కటే. అంతా బాగుంటే మళ్లీ 10 ఏళ్లకే. ప్రమాదం లేదని కాదు: 10 వేల స్క్రీనింగ్ కొలనోస్కోపీల్లో సుమారు ముగ్గురికి పేగుకు చిల్లు పడుతుంది, సుమారు 15 మందికి చెప్పుకోదగ్గ రక్తస్రావం అవుతుంది, అదీ ఎక్కువగా పాలిప్ తీసినప్పుడే.

పరీక్ష మత్తులో జరిగిపోతుంది, చాలామందికి గుర్తే ఉండదు. అసలు పని పేగు శుభ్రం చేసుకోవడం. అది సరిగా జరగకపోతే డాక్టర్ ఎంత గొప్పవాడైనా మలం కింద దాగిన పాలిప్ కనపడదు, డబ్బులు పోసి మళ్లీ చేయించుకోవాలి.

రెండు మూడు రోజుల ముందు నుంచి పీచు, గింజలు, తొక్కలు మానేయాలి. మన జిల్లా తిండికి ఇది గట్టి దెబ్బే: రాగి సంగటి, చెనక్కాయల ఊర్బిండి, అనపగింజల పులుసు, గోంగూర, ఆకుకూర పప్పు, జామకాయ, టమోటా గింజలు, నువ్వుల పొడి, మామిడిపండు అన్నీ పక్కన పెట్టాల్సిందే. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, చట్నీ లేకుండా దోసె, గుడ్డు తినొచ్చు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ద్రవాలే: కొబ్బరి నీళ్లు, వడకట్టిన రసం తేట, పాలు లేని టీ, ఓఆర్ఎస్. ఎరుపు, ఊదా రంగు రసాలు వద్దు, లోపల రక్తంలా కనపడతాయి. ఐరన్ మాత్రలు 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి.

మందు పొడి రూపంలో వస్తుంది, ఎక్కువగా పాలీఇథిలీన్ గ్లైకాల్. ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలో, సాధారణంగా రెండు లీటర్లలో, కలపాలి. మొత్తం ఒకేసారి రాత్రే తాగేయడం పాత పద్ధతి. సగం సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితే పేగు చాలా బాగా శుభ్రమవుతుంది. పొద్దున 9 గంటల పరీక్షకు సాయంత్రం 7కు మొదటి లీటరు, తెల్లవారుజామున 4కు రెండోది. పది పదిహేను నిమిషాలకో గ్లాసు. చల్లగా ఉంటే సులువుగా దిగుతుంది, నిమ్మకాయ పిండుకోవచ్చు. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, మానేయకూడదు. పరీక్షకు రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా వద్దు. చివరికి పసుపు రంగు తేట నీళ్లు పడాలి. ఇంకా గోధుమరంగులో చిక్కగా వస్తుంటే ఆసుపత్రికి వెళ్లగానే ఆ మాట చెప్పేయండి, దాచొద్దు.

మందుల్లో జాగ్రత్తలు మూడు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు వాటిని 3 రోజుల ముందే ఆపాలి, లేకపోతే షుగరు మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. ఇన్సులిన్, మిగతా షుగరు మాత్రల మోతాదు డాక్టర్ మార్చి చెబుతారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేసి ఉంటే, హార్ట్ డాక్టర్‌ను అడగకుండా సొంతంగా ఆపకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సోడియం ఫాస్ఫేట్ ఉన్న ప్రిపరేషన్ మందు ముట్టొద్దు, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక ఫొటోలు చూసి సరిపెట్టుకోకుండా మూడు విషయాలు వెతకండి. గొట్టం సీకం దాకా, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటు దాకా, వెళ్లిందా? పేగు ఎంత శుభ్రంగా ఉందో రాశారా? బోస్టన్ స్కోరు రాసి ఉంటే మూడు భాగాల్లో ప్రతిదానికీ కనీసం 2 ఉండాలి. గొట్టం వెనక్కి తీసుకుంటూ చూడటానికి కనీసం 6 నిమిషాలు పట్టిందా? ఈ మూడూ సరిగా ఉంటేనే 'పదేళ్లకోసారి' అనే మాట చెల్లుతుంది.

మిగతావి

సిగ్మాయిడోస్కోపీ చివరి 60 సెంటీమీటర్ల పేగునే చూస్తుంది. ఎనిమా చాలు, మత్తు అక్కర్లేదు. కుడివైపు ఏముందో తెలియదు కాబట్టి స్క్రీనింగ్‌కు ఇదొక్కదాన్నే నమ్ముకోవడం సగం పనే.

సీటీ కొలనోగ్రఫీ అంటే సీటీ స్కాన్‌తో పెద్దపేగు లోపల చూడటం. దీనికి మత్తు అక్కర్లేదు. కానీ పేగు శుభ్రం చేసుకునే కష్టం అంతే ఉంది, గాలి నింపుతారు, రేడియేషన్ ఉంది, పాలిప్ కనపడితే మళ్లీ కొలనోస్కోపీయే. మత్తు ఇవ్వలేని స్థితి ఉన్నవాళ్లకు, పేగు మెలిక వల్ల కొలనోస్కోపీ మధ్యలో ఆగిపోయినవాళ్లకు మంచిది. మామూలు మనిషికి మొదటి ఎంపికగా నేను చెప్పను. మామూలు పొట్ట సీటీని, అల్ట్రాసౌండ్‌ను దీనితో కలపకండి, అవి పాలిప్‌లను చూపించవు.

ప్యాకేజీల్లో కనిపించే సీఈఏ రక్తపరీక్ష స్క్రీనింగ్‌కు పనికిరాదు. తొలిదశ క్యాన్సర్‌లో చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, పొగతాగేవాళ్లలో ఏమీ లేకున్నా పెరుగుతుంది. క్యాన్సర్ చికిత్స అయ్యాక జబ్బు తిరగబెడుతోందేమో చూడటానికి అది. క్యాన్సర్ డీఎన్ఏను వెతికే కొత్త రక్తపరీక్ష ఒకదానికి అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. అది క్యాన్సర్‌ను బాగానే పడుతుంది గానీ పెద్ద పాలిప్‌లలో పట్టేది 13 శాతమే. నివారణ కోరుకునేవాళ్లకు అది జవాబు కాదు.

అయితే ఎవరికి ఏది?

45 నుంచి 75 మధ్య, లక్షణాలు లేవు, ఇంట్లో ఎవరికీ లేదు, ఏటా గుర్తుపెట్టుకుని చేయించుకోగలరు: ఫిట్. ఇది చవక కాబట్టి చెప్పే సర్దుబాటు మాట కాదు. స్పెయిన్‌లో సుమారు 57 వేల మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును ఒక్కసారి కొలనోస్కోపీకి, రెండో గుంపును రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. 2025లో వచ్చిన ఫలితాల్లో, 10 ఏళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల లెక్క రెండింటిలోనూ దాదాపు సమానం. పిలిస్తే కొలనోస్కోపీ వైపు వచ్చింది 32 శాతం, ఫిట్ వైపు 40 శాతం. జనం చేయించుకోని పరీక్ష ఎంత గొప్పదైనా ఎవరినీ కాపాడదు.

ఏటా గుర్తుండదు, ఒకసారి తేల్చేసుకుంటే నిశ్చింత అనుకునేవాళ్లు, పొగ, మందు, స్థూలకాయం కలిసి ఉన్నవాళ్లు: కొలనోస్కోపీ వైపు మొగ్గండి. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేస్తూ రెండేళ్లకోసారి ఊరికొచ్చేవాళ్లకూ ఇదే సుఖం.

75 దాటిన అమ్మకో నాన్నకో చేయించాలా? ఆరోగ్యంగా ఉండి, ముందెప్పుడూ చేయించుకోకపోతే 85 దాకా డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులతో మంచాన ఉన్నవాళ్లను మాత్రం పేగు శుభ్రం చేసే మందు తాగించి హింసపెట్టకండి.

కొలనోస్కోపీ ఎట్టి పరిస్థితిలోనూ చేయించుకోను అని ఖాయం చేసుకున్నవాళ్లు ఫిట్ కూడా చేయించుకోకపోవడమే మేలు. పాజిటివ్ వచ్చాక ఆగిపోతే మిగిలేది దిగులే.

తిరుపతిలో, చిత్తూరులో

తిరుపతిలో స్విమ్స్‌లో గ్యాస్ట్రో విభాగం ఉంది, ప్రభుత్వ పెద్దాసుపత్రి రూయా ఉంది, టాటా ట్రస్ట్స్ చేయూతతో వచ్చిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. చిత్తూరు వాళ్లకు తిరుపతి 70 కిలోమీటర్లు, వేలూరు సీఎంసీ అందులో సగమే. పరీక్ష ఎక్కడ చేయించుకున్నా ధర అడిగేటప్పుడు మత్తు, పాలిప్ తీయడం, బయాప్సీ కలిపా, విడిగానా అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ముఖ్యంగా చికిత్సకు. జబ్బు లేని మనిషి స్క్రీనింగ్‌కు అది వస్తుందని లెక్కేసుకుని రావద్దు, ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

కుప్పం, పలమనేరు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజామున 4కు రెండో లీటరు తాగి బస్సెక్కే ఆలోచన మానుకోండి. ఘాట్ రోడ్డులో బస్సు ఆపమనే అవస్థ పగవాడికీ వద్దు. ముందురోజే వచ్చి ఆసుపత్రి దగ్గర లెట్రిన్ ఉన్న గది తీసుకోండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, పెరటాసి శనివారాల్లో గది దొరకడమే గగనం కాబట్టి ఆ తేదీలు వదిలి అపాయింట్‌మెంట్ అడగండి. తోడుగా పెద్ద మనిషి ఒకరు ఉండాలి. మత్తు ఇచ్చాక 24 గంటలు బండి నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు.

పాలిప్ తీశాక రెండు వారాల దాకా ఎప్పుడైనా రక్తం పడొచ్చు. ఆ రోజుల్లో దూరప్రయాణాలు, కొండ నడక పెట్టుకోకండి. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, గడ్డలుగా రక్తం ఉంటే పక్క ఊరి క్లినిక్‌కు కాదు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఫిట్ పాజిటివ్ వచ్చినవాళ్లు 'ఇంకోసారి చేసి చూద్దాం, నెగటివ్ రావచ్చు' అని రెండో ఫిట్ చేయించుకోకండి. ఆ గడ్డ రోజూ రక్తం కారదు, రెండోసారి నెగటివ్ వచ్చినా మొదటిదే లెక్క. రెండు మూడు నెలల్లోపు కొలనోస్కోపీ అయిపోవాలి. పాలిప్‌లు తీసి ఉంటే బయాప్సీ రిపోర్టు తప్పకుండా తెచ్చుకోండి, తర్వాతి తేదీ అందులోనే ఉంటుంది. 10 మిల్లీమీటర్ల లోపు అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం పాలిప్‌లు) ఒకటో రెండో అయితే 7 నుంచి 10 ఏళ్లకు, మూడు నాలుగైతే 3 నుంచి 5 ఏళ్లకు, అంతకన్నా ఎక్కువున్నా, ఒక్కటైనా 10 మిల్లీమీటర్లు దాటినా 3 ఏళ్లకు, పదికి మించి ఉంటే ఏడాదికే మళ్లీ కొలనోస్కోపీ. ఆ తేదీని రిపోర్టు మీదే డాక్టర్ చేత రాయించుకోండి.